ఎగుమతికి ప్రభుత్వ సాయం: ఏది మన డబ్బే, ఏది నిజమైన అండ

ఎగుమతిదారులకు రాయితీలు అన్న వార్త వచ్చినప్పుడల్లా ప్రభుత్వం ఖజానా తెరిచి వ్యాపారులకు డబ్బు పంచుతోందనే అభిప్రాయం కలుగుతుంది. కొత్తగా విదేశాలకు సరుకు పంపాలనుకునే చిన్న వ్యాపారులు కూడా మొదట అడిగేది ఇదే: ఎంత శాతం వస్తుంది? ఆ శాతాన్ని నమ్ముకుని రేటు కోట్ చేస్తారు, అది రాకపోతే దిగాలు పడతారు. చిక్కు ఎక్కడుందంటే, ‘ఎగుమతి ప్రోత్సాహం’ అనే ఒక్క పేరు కింద పూర్తిగా వేర్వేరు పనులు నడుస్తున్నాయి. కొన్నింటిలో చేతికొచ్చేది మనం కట్టిన పన్నే. కొన్ని అప్పును కాస్త చవక చేస్తాయి. కొన్ని కొనుగోలుదారు ఎగ్గొడితే ఆదుకుంటాయి. ఇంకొన్ని సరుకు అవతలి రేవులో ఆగిపోకుండా చూస్తాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల చిన్న యూనిట్లు తక్కువ విలువైన దాని వెంట పరిగెత్తి, ఎక్కువ విలువైన దాన్ని వదిలేస్తున్నాయి. నా వాదన అదే.

లెక్క కోసం గుంటూరులో ఒక చిన్న మిర్చి పొడి యూనిట్ ఉందనుకుందాం. నెదర్లాండ్స్ నుంచి 20 లక్షల రూపాయల ఆర్డరు వచ్చింది. సరుకు ఓడెక్కిన 90 రోజులకు డబ్బు ఇస్తామన్నది ఒప్పందం. ఈ యూనిట్ వెంటే నడిస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు కాగితాలు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతి కోడ్, తీసుకోవాలి. ఇప్పుడు పాన్ నంబరే ఐఈసీ నంబరు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు సరిచూసి అప్‌డేట్ చెయ్యాలి, మార్పులేమీ లేకపోయినా సరే. చెయ్యకపోతే డీయాక్టివేట్ అవుతుంది, కంటైనర్ గేటు దగ్గరికి వచ్చాక ఆ సంగతి బయటపడుతుంది. మసాలాలు కాబట్టి స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. విదేశీ చెల్లింపు ఏ బ్యాంకు శాఖకు వస్తుందో చెప్పే ఏడీ కోడ్‌ను బ్యాంకు నుంచి తీసుకుని కస్టమ్స్‌లో నమోదు చేయించాలి. ఇందులో సాయమంటూ ఏమీ లేదు, దాటాల్సిన గడపలు మాత్రమే.

పన్ను వెనక్కి రావడం సాయం కాదు

అంతర్జాతీయ వాణిజ్యంలో అందరూ ఒప్పుకున్న ఒక సూత్రం ఉంది. సరుకును ఎగుమతి చెయ్యాలి గానీ, సరుకుతో పాటు పన్నును ఎగుమతి చెయ్యకూడదు. పన్ను అన్నది సరుకు వాడుకునే దేశంలో పడాలి. అందుకే జీఎస్టీ చట్టం ఎగుమతికి సున్నా రేటు పెట్టింది. ఎగుమతిదారుకు రెండు దారులున్నాయి. ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసి పన్ను కట్టకుండానే సరుకు పంపి, కొన్న వాటి మీద కట్టిన జీఎస్టీని రీఫండ్ అడగొచ్చు. లేదా ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాలకూ ఎగుమతులకూ పడే జీఎస్టీ) కట్టేసి, దాన్నే వెనక్కి తీసుకోవచ్చు. రెండో దారిలో విడిగా దరఖాస్తు అక్కర్లేదు, కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రమైన షిప్పింగ్ బిల్లునే దరఖాస్తుగా తీసుకుంటారు.

పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి, కాదు. కొత్త గ్రైండింగ్ మెషీన్ కొని దాని మీద పెద్ద మొత్తంలో జీఎస్టీ కట్టారనుకోండి. ఎల్‌యూటీ దారిలో రీఫండ్ లెక్కలోకి యంత్రాల మీది పన్ను రాదు. అది జీఎస్టీ ఖాతాలో క్రెడిట్‌గానే పడి ఉంటుంది. ఐజీఎస్టీ దారిలో వెళ్తే ఆ క్రెడిట్‌తోనే పన్ను కట్టి, ఆ మొత్తాన్ని నగదుగా తెచ్చుకోవచ్చు. అమ్మకాలన్నీ విదేశాలకే అయిన యూనిట్‌కు ఇది లక్షల్లో తేడా. మొదటి ఎల్‌యూటీ వేసే ముందే ఆడిటర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమిది. పైగా ఎల్‌యూటీని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వెయ్యాలి. ఇక ఐజీఎస్టీ దారిలో జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్‌లో రాసిన ఇన్‌వాయిస్ వివరాలు షిప్పింగ్ బిల్లుతో తూచా తప్పకుండా కలవాలి. ఇన్‌వాయిస్ నంబరు తేడా పడితే చాలు, రీఫండ్ ఆగిపోతుంది.

జీఎస్టీలోకి రాని పన్నులు కూడా ఉన్నాయి. లారీ డీజిల్ మీద వ్యాట్, కరెంటు మీద సుంకం, మార్కెట్ యార్డులో కట్టే సెస్సు. ఇవన్నీ మిర్చి పొడి ధరలో కలిసిపోయి ఉంటాయి, ఏ రిటర్న్‌లోనూ విడిగా కనిపించవు. వాటిని లెక్కగట్టి వెనక్కి ఇచ్చే పథకమే రోడ్‌టెప్. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్రతి సరుకుకూ ఒక రేటు ఉంటుంది, చాలా వాటికి అది 1 శాతం అటూ ఇటూ. మన యూనిట్‌కు 1 శాతం అనుకుంటే వచ్చేది 20 వేల రూపాయలు. అదీ నగదుగా రాదు, ఎలక్ట్రానిక్ స్క్రిప్ అనే క్రెడిట్ పత్రం రూపంలో వస్తుంది. దాంతో దిగుమతుల మీద బేసిక్ కస్టమ్స్ సుంకం మాత్రమే కట్టగలం. దిగుమతులు లేని చిన్న యూనిట్ దాన్ని ఇంకో దిగుమతిదారుకు అమ్ముకోవాలి, అతను కొంత తగ్గించి కొంటాడు. అంటే 20 వేల స్క్రిప్ చేతికొచ్చేసరికి 20 వేలుగా ఉండదు. చిన్నవాళ్లకైనా దీన్ని నేరుగా బ్యాంకు ఖాతాలో వెయ్యాలని నేను గట్టిగా అంటాను. ముడి సరుకు దిగుమతి మీద పడిన సుంకాన్ని తిరిగిచ్చే డ్యూటీ డ్రాబ్యాక్ అలాగే ఖాతాలో పడుతోంది కదా. ఇంకొక మాట: రోడ్‌టెప్ కావాలని షిప్పింగ్ బిల్లులోనే ప్రకటించాలి. చిన్నవాళ్లు చాలామంది ఈ పనంతా సీహెచ్‌ఏకి (కస్టమ్స్ ఏజెంటుకు) వదిలేస్తారు, ఆయన ఆ గడి వదిలేస్తే ఆ సరుకు మీద క్లెయిమ్ పోయినట్టే లెక్క.

మరి ఇంతకంటే ఎక్కువ ఎందుకు ఇవ్వరు? ఒకప్పుడు ఇచ్చారు. 2015లో మొదలైన ఎంఈఐఎస్ పథకం కింద ఎగుమతి విలువలో 2 నుంచి 5 శాతం దాకా బహుమతిలాగా వచ్చేది. కట్టిన పన్నుతో దానికి సంబంధం లేదు. దాని మీదా, మరికొన్ని పథకాల మీదా అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. 2019 అక్టోబరు 31న ప్యానెల్ తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. తలసరి ఆదాయం వరసగా మూడేళ్లు 1000 డాలర్లు దాటిన దేశాలు ఎగుమతి సబ్సిడీలు ఇవ్వకూడదన్నది ఆ సంస్థ నియమం, భారత్ ఆ గీత దాటేసింది. కేంద్రం అప్పీలుకు వెళ్లింది గానీ, ఎంఈఐఎస్‌ను ఆపి, కట్టిన పన్ను మాత్రమే తిరిగిచ్చే రోడ్‌టెప్‌కు మారింది. కాబట్టి రేట్లు చిన్నగా ఉన్నాయంటే అది కేవలం అధికారుల పిసినారితనం కాదు.

ఆ జాగ్రత్త కూడా అన్నిసార్లూ కాపాడదని భీమవరం రైతులకు తెలిసొచ్చింది. మన రొయ్యల మీద అమెరికా 2024 చివర్లో కొత్తగా ఒక సుంకం వేసింది, చాలామంది ఎగుమతిదారులకు 5.77 శాతం. కారణం, ఇక్కడి ప్రభుత్వం వాళ్లకు సబ్సిడీలు ఇస్తోందన్న ఆరోపణ. ఆ సబ్సిడీల జాబితాలో డ్రాబ్యాక్, రోడ్‌టెప్ కూడా ఉన్నాయి. కట్టిన పన్నునే తిరిగిస్తున్నామని మనం అంటాం. ఏ సరుకు మీద ఎంత పన్ను పడిందో కచ్చితంగా లెక్క చూపే వ్యవస్థ మీ దగ్గర లేదు కాబట్టి మొత్తమంతా సబ్సిడీయే అని వాళ్లంటారు. ఈ సుంకం కట్టేది అమెరికాలోని దిగుమతిదారు. అతను ఆ మేరకు ఇక్కడి ప్రాసెసింగ్ ప్లాంట్‌ను ధర తగ్గించమంటాడు, ప్లాంట్ చెరువు గట్టు మీద కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) కోస్తుంది. రాయితీ ప్లాంట్ దాకా వచ్చి ఆగితే, దాని వల్ల పడిన సుంకం బరువు మాత్రం రొయ్యల రైతు దాకా దిగింది. రాయితీ శాతం పెంచమని అడిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వడ్డీ, గడువు

గుంటూరు యూనిట్ దగ్గరికి మళ్లీ వద్దాం. మిర్చి కొనాలి, తొడిమలు తీయించాలి, పొడి పట్టించాలి, ప్యాక్ చెయ్యాలి, పరీక్ష చేయించాలి. దీనికి నెల. ఓడెక్కాక 90 రోజులు. ఈ నాలుగు నెలలకు అటూ ఇటూ ఆలస్యాలు కలిపి 5 నెలల పాటు డబ్బు సరుకులోనే ఇరుక్కుంటుంది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడంతో ప్రయాణమే వారం, రెండు వారాలు పెరిగింది. 16 లక్షలు ప్యాకింగ్ క్రెడిట్‌గా (సరుకు సిద్ధం చెయ్యడానికి బ్యాంకు ఇచ్చే అప్పుగా) 12 శాతానికి తెచ్చుకుంటే 5 నెలలకు వడ్డీ 80 వేలు. రోడ్‌టెప్ కింద వచ్చే 20 వేల పక్కన పెట్టి చూడండి. చిన్నవాడికి అసలు బరువు ఎటు ఉందో తెలుస్తుంది.

ఈ బరువు తగ్గించడానికి 2015 ఏప్రిల్ నుంచి వడ్డీ రాయితీ పథకం ఉండేది. చివరి ఏళ్లలో ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా) తయారీదారులకు 3 శాతం ఇచ్చారు. ఆ పథకాన్ని కొన్ని నెలల చొప్పున పొడిగిస్తూ వచ్చి 2024 డిసెంబరు 31తో ఆపేశారు. సరిగ్గా ఆ తర్వాతే గట్టి దెబ్బ తగిలింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద ముందు 25 శాతం, నెలాఖరుకు ఇంకో 25 శాతం కలిపి 50 శాతం అదనపు సుంకం వేసింది. అప్పుడు చిన్న ఎగుమతిదారుల చేతిలో వడ్డీ రాయితీ లేదు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది, 2030-31 దాకా నడిచేది. 20,000 కోట్ల దాకా అదనపు రుణాలకు నూరు శాతం గ్యారంటీ ఇచ్చే పథకాన్ని కూడా అదే సమయంలో తెచ్చారు. వడ్డీ రాయితీ 2026 జనవరిలో 2.75 శాతంతో మళ్లీ మొదలైంది, అదీ జాబితాలో ఉన్న సరుకులకే. మన లెక్కలో అది 18 వేల పైచిలుకు. ఏ మొత్తమైనా ఉపయోగమే. కానీ మధ్యలో ఏడాది పాటు ఖాళీ వదిలేయడం నాకు మింగుడు పడదు. 3 శాతం ఉంటుందో ఉండదో తెలియనప్పుడు వ్యాపారి దాన్ని ధరలో లెక్కేసుకోలేడు. లెక్కేసుకోలేని రాయితీ పోటీలో పనికిరాదు.

పెద్ద కంపెనీకి బ్యాంకు తనంతట తానే అప్పిస్తుంది. చిన్న యూనిట్‌ను ఇల్లో పొలమో తాకట్టు అడుగుతుంది. కాబట్టి నూరు శాతం గ్యారంటీ అన్న భాగం, వడ్డీలో తగ్గే రెండు మూడు శాతాల కన్నా చాలామందికి ఎక్కువ అక్కరకొస్తుంది. బ్రాంచికి వెళ్లి వడ్డీ రాయితీ ఉందా అని అడిగేవాళ్లు, గ్యారంటీ పథకం ఇంకా ఉందా, దాని కింద తాకట్టు లేకుండా ఇస్తారా అని కూడా అడగాలి.

20 లక్షలు రాకపోతే

ఇప్పటిదాకా మాట్లాడినవన్నీ 18 వేలు, 20 వేల లెక్కలు. కొనుగోలుదారు దివాలా తీస్తే పోయేది 20 లక్షలు. చిన్న యూనిట్‌కు అది మూతపడేంత దెబ్బ. దీనికి ప్రభుత్వ సంస్థ ఉంది, పేరు ఈసీజీసీ. 1957 నుంచి ముంబై కేంద్రంగా పని చేస్తోంది. ఇలాంటి బీమాను బ్రిటన్ 1919లోనే ప్రభుత్వం తరఫున మొదలుపెట్టింది, విదేశీ కొనుగోలుదారు గురించి ఒంటరి వ్యాపారికి ఏమీ తెలియదన్నది అప్పటికీ ఇప్పటికీ ఒకటే కారణం. కొనుగోలుదారు దివాలా తీసినా, గడువు దాటి ఎంతకాలానికీ కట్టకపోయినా, ఆ దేశంలో యుద్ధమో డబ్బు పంపడం మీద ఆంక్షలో వచ్చినా, నష్టంలో 90 శాతం దాకా పాలసీ కింద ఇస్తారు. చిన్న ఎగుమతిదారుల కోసం విడిగా పాలసీ కూడా ఉంది.

క్లెయిమ్ కంటే ముందే ఈ పాలసీ ఒక మేలు చేస్తుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కొనుగోలుదారు మీద ఎంత మొత్తానికి కవర్ ఇవ్వాలో తేల్చడానికి ఈసీజీసీ అతని ఆర్థిక స్థితిని ఆరా తీస్తుంది. ఎక్స్‌పోలో కలిసి, వాట్సాప్‌లో ఆర్డరు పెట్టిన మనిషి గురించి ఆ ఆరా తీయడం మన యూనిట్ వల్ల కాదు. 20 లక్షలకు కవర్ అడిగితే 5 లక్షలకే ఇస్తామన్నారంటే, ఆ జవాబే ఒక హెచ్చరిక. అడ్వాన్సు అడగాలి, లేదా ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద పంపాలి.

దీనికొక పరిమితి ఉంది, అది తెలియక బాధపడ్డవాళ్లు ఎక్కువ. సరుకు నాణ్యత బాగోలేదని కొనుగోలుదారు గొడవ పెట్టి డబ్బు ఆపితే ఈసీజీసీ ఇవ్వదు. ఆ దేశపు కోర్టులో గెలిచి రావాలి, అది చిన్నవాడికి సాధ్యమయ్యే పని కాదు. కాబట్టి బీమా పని చెయ్యాలంటే నాణ్యత మీద నోరెత్తే సందు ఇవ్వకూడదు. ఇక్కడే ల్యాబ్ వస్తుంది.

పరీక్ష కాగితం విలువ

మిర్చిని కళ్లంలో నేల మీద ఆరబోస్తారు. రాత్రి మంచు పడినా, సరిగ్గా ఆరకముందే టిక్కీలకు (బస్తాలకు) ఎత్తినా బూజు పడుతుంది. ఆ బూజు నుంచి పుట్టే విషమే అఫ్లటాక్సిన్. కంటికి కనిపించదు, వాసన రాదు, కాయ ఎర్రగా నిగనిగలాడుతూనే ఉండొచ్చు. యూరోపియన్ యూనియన్ మిర్చిలో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్నీ కలిపి 10 దాటితే ఒప్పుకోదు. దాటితే సరుకు వెనక్కి పంపాలి, లేదా అక్కడే ధ్వంసం చెయ్యాలి, ఖర్చంతా మనదే. 2003లో యూరప్‌లో మిర్చి పొడిలో సూడాన్ రంగు బయటపడినప్పుడు మన మసాలాల పరువు ఎంతగా పోయిందో పాత వ్యాపారులకు గుర్తుంది. ఆ తర్వాత స్పైసెస్ బోర్డు మిర్చి, మిర్చి ఉత్పత్తుల ఎగుమతికి తన పరీక్షను తప్పనిసరి చేసింది. గుంటూరులోనే బోర్డు ల్యాబ్ ఉంది. యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు ఉంది.

చాలామంది ఈ పరీక్షను ఇంకో అడ్డంకిగా చూస్తారు, నేను దీన్ని మొత్తం ప్రభుత్వ సాయంలో అన్నిటికన్నా విలువైనది అంటాను. లాట్ నుంచి తీసిన శాంపిల్ రిపోర్టు చేతిలో ఉంటే, కొనుగోలుదారు తర్వాత గొడవ పెట్టడానికి బలం తగ్గుతుంది. అయితే పరీక్ష కంటైనర్ నింపేముందు జరుగుతుంది, విషం కళ్లంలో పుడుతుంది. పొడి పట్టాక ఫెయిలయితే చేసేదేమీ లేదు. టార్పాలిన్లు, డ్రైయర్లు, కొనేటప్పుడే వాడుకునే చవక పరీక్ష కిట్లు రైతు దగ్గరికి వెళ్లాలి. వాటి మీద పెట్టే రూపాయిని ఏ దేశమూ ఎగుమతి సబ్సిడీ అని తేలిగ్గా వేలెత్తి చూపలేదు, ఎందుకంటే ఆ మిర్చి ఇక్కడ తిన్నా అక్కడ తిన్నా అదే మేలు.

సాయం అప్పుగా మారే చోట

ఈపీసీజీ పథకం పేరు వినగానే ఉత్సాహం వస్తుంది: యంత్రాలను కస్టమ్స్ సుంకం లేకుండా దిగుమతి చేసుకోవచ్చు. షరతు ఏంటంటే, అలా కట్టకుండా మిగిలిన సుంకానికి ఆరు రెట్లు ఎగుమతి ఆరేళ్లలో చూపాలి. 10 లక్షల సుంకం మిగిలితే 60 లక్షల ఎగుమతి. మార్కెట్ బాగుంటే సులువే. మధ్యలో పెద్ద కొనుగోలుదారు మానేస్తే ఆ సుంకం వడ్డీతో సహా మెడకు చుట్టుకుంటుంది. ఇలా ఇరుక్కున్నవాళ్లు ఎంతమంది ఉంటే 2023లో కేంద్రం ఒక్కసారికి సెటిల్‌మెంట్ పథకం తెచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఖాయంగా రిపీట్ ఆర్డర్లు లేనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఇంకొక చోట ప్రభుత్వమే తలుపు మూస్తుంది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని రాత్రికి రాత్రి నిషేధించారు, 2024 సెప్టెంబరు చివరిదాకా తెరవలేదు. కాకినాడ రేవు మీద ఆధారపడ్డ మిల్లర్లు, స్టివిడోర్లు (ఓడల్లోకి సరుకు ఎక్కించే కాంట్రాక్టర్లు), హమాలీలు అందరూ ఆ ఏడాది దెబ్బతిన్నారు. దేశంలో బియ్యం ధర అదుపులో ఉండాలన్నది న్యాయమైన కారణమే. అయినా ముందు నోటీసు లేకుండా మూసిన ఆ తలుపు వల్ల పోయిన కొనుగోలుదారుణ్ని ఏ రాయితీ శాతమూ తిరిగి తీసుకురాదు.

అమెరికాలోని పిల్లలకూ, చుట్టాలకూ, వాళ్ల స్నేహితులకూ పచ్చళ్లు, పొడులు పంపుతూ వ్యాపారం పెంచుకున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్ల కోసం పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు. చిన్న పార్సిల్‌కు కూడా ఎగుమతి కాగితాలు అక్కడే పూర్తవుతాయి, మంచి ఆలోచన. కానీ 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న మినహాయింపు తీసేసింది. సుంకం ఎలా వసూలు చెయ్యాలో తేలక మన తపాలా శాఖ అక్కడికి బుకింగ్‌లు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకుంటూ. నెలన్నర పైగా ఆ ఇళ్లకు వ్యాపారం ఆగింది. అప్పట్లో ఇలాంటి చిన్నవాళ్లకు రోడ్‌టెప్ గానీ ఈసీజీసీ గానీ తోడు లేదు, వాళ్ల నష్టాన్ని లెక్కలోకి తీసుకున్న పథకమూ దాదాపు లేదు.

ఎగుమతుల్లో 45 శాతానికి పైగా ఎంఎస్ఎంఈల నుంచే అని ప్రభుత్వం చెబుతుంది. ఆ సరుకులో చాలా భాగం మర్చంట్ ఎక్స్‌పోర్టర్ల (తయారీదారుల దగ్గర కొని విదేశాలకు పంపే వ్యాపారుల) పేరు మీద ఓడెక్కుతుంది. చిన్న యూనిట్ 0.1 శాతం జీఎస్టీకి వాళ్లకు అమ్మేస్తుంది, 90 రోజుల్లో ఎగుమతి చేసే బాధ్యత వాళ్లది, రోడ్‌టెప్ కూడా వాళ్లదే. మొదటి రెండు మూడేళ్లు ఇలా చెయ్యడంలో తప్పేమీ లేదు, రిస్కు వాళ్ల మీద ఉంటుంది. కానీ ఆ స్క్రిప్ విలువ ఎంతో తెలుసుకుని, దాన్ని మనసులో పెట్టుకునే రేటు మాట్లాడాలి.

కొత్త మిషన్‌లో రెండు భాగాలున్నాయి. నిర్యాత్ ప్రోత్సాహన్ అప్పు, వడ్డీల సంగతి చూస్తుంది. నిర్యాత్ దిశ నాణ్యత, ప్యాకింగ్, ఎక్స్‌పోలు, రవాణాల సంగతి. వడ్డీ రాయితీకి వార్త వస్తుంది, పరీక్షల ఖర్చుకు రాదు, అందుకే మొదటిదానికే డబ్బు ఎక్కువ వెళ్తుందని నా భయం. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అక్కడి రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకటి తన పసుపు లాట్‌కు కుర్కుమిన్ శాతం, సీసం పరీక్ష రిపోర్టు జిల్లాలోనే, వారంలోపు, సగం ఖర్చుతో తెచ్చుకోగలిగితే జర్మనీ కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడగలదు. ఆ ఏర్పాటు ఎన్నాళ్లలో వస్తుందని బోర్డునూ, రెండు తెలుగు రాష్ట్రాల పరిశ్రమల శాఖలనూ ఇప్పుడే అడగాలి, మిషన్ నిధులకు గడువు ఇంకా ఉండగానే.